అమెరికాలోని బఫెలోలో మీ అబ్బాయి ఇంటికి ఏ స్నో బ్లోయర్ (మంచును ఎత్తి విసిరే మెషిన్) మంచిది?
అన్నా, తిరుపతిలో కూర్చుని బఫెలోలో ఉన్న అబ్బాయికి మెషిన్ ఎంచాలంటే టెన్షనే. డ్రైవ్‌వేలో, అంటే ఇంటి నుంచి రోడ్డు దాకా ఉండే కారు దారిలో, సగం కంకరే అన్నారు కదా, అయితే టూ స్టేజ్‌దే తీసుకోమనండి, అంటే రెక్కలు మంచును లాగితే, వెనకున్న ఫ్యాన్ దాన్ని బయటికి విసిరే రకం. సింగిల్ స్టేజ్‌ది, అంటే లాగడం, విసరడం రెండూ ఆ రెక్కలే చేసే రకం, చవకే, తేలికే. కానీ దాని రెక్కలు నేలను రాసుకుంటూ తిరుగుతాయి, మంచుతో పాటు రాళ్లనూ ఎత్తి విసిరేస్తాయి, పక్కింటి కారు అద్దం గోవిందా! టూ స్టేజ్‌లో రెండు పక్కలా ఉండే స్కిడ్ షూలను (నేల మీద జారే పాదాల్లాంటి పట్టీలను) కిందికి దించి బిగిస్తే ముందుభాగం కంకరకు తగలకుండా కాస్త పైనే ఉంటుంది.

అసలు కష్టం రోడ్డు అంచున. మంచు తోసే మున్సిపాలిటీ బండి వెళ్లాక అక్కడ తడిసి గట్టిపడ్డ మంచు గట్టులా పేరుకుంటుంది. చిన్న బ్యాటరీ మెషిన్లు అక్కడే చేతులెత్తేస్తాయి.

మంచు ఇరుక్కుంటే మాత్రం, ఇంజన్ ఆపి కర్రతోనే తీయమని, ఆపాక కూడా లోపల చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పండి.