వాద్యాలు తక్కువైతే పాటకు లోటా?

ప్రశ్న: అమెరికా గాయని జోన్ బయెజ్ తొలి ఆల్బమ్ విన్నాను. అందులో ఆమె స్వయంగా రాసిన పాట ఒక్కటీ లేదు; గొంతు, గిటారు తప్ప మరో హంగూ లేదు. అయినా దానికి అంత పేరెందుకు వచ్చింది? మా నాయనమ్మ వరి నాట్లు వేసేటప్పుడు పాడే నాటు పాటలను కీబోర్డు, డోలక్‌లతో రికార్డు చేయించాలనుకుంటున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: 1960లో వాన్‌గార్డ్ సంస్థ ఆ ఆల్బమ్‌ను విడుదల చేసేనాటికి బయెజ్ వయసు 19 ఏళ్లు. కొన్ని పాటలకు ఫ్రెడ్ హెలర్‌మన్ రెండో గిటారు వాయించాడు. మిగిలినదంతా ఆమె గొంతు, ఆమె గిటారే. అందులోని 13 పాటల్లో ఎక్కువ భాగం తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చినవి. వాటిలో రెండు, 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే అమెరికా పండితుడు సేకరించిన 305 గాథాగేయాలలోనివి, అంటే కథ చెప్పే జానపద పాటలలోనివి.

ఆ రెండింటిలో 'హెన్రీ మార్టిన్'ను మరోసారి వినండి. బతుకు గడవని ముగ్గురు అన్నదమ్ములు చీట్లు వేసుకుంటే, చిన్నవాడి వంతు వచ్చి అతడు సముద్రపు దొంగ అవుతాడు. బయెజ్ ఈ కథను ఏడుస్తూనో, ఆవేశపడుతూనో పాడదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది, గిటారు ఆ మాటకు దారి ఇస్తుంది. మన పాలమూరులో ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కినెర అనే తీగల వాద్యం మీద విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పాడేటప్పుడు కూడా కినెర కథను మోస్తుందే గాని, కథను మింగదు. రాసినవారు ఎవరో తెలియని పాటకు పాడేవారు చేయగల గొప్ప మేలు ఇదేనని నా నమ్మకం. ఆ ఆల్బమ్‌కు వచ్చిన పేరు కూడా దీనివల్లనే నిలిచింది.

ఇక మీ నాయనమ్మగారి విషయం. నాటు పాట నడక నారు పట్టి వంగే చేతిది. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు, మధ్యలో ఊపిరి తీసుకుంటారు, పదం సాగదీస్తారు. కీబోర్డులో ముందే బిగించిన తాళానికి ఆమెను కట్టివేస్తే ఈ సాగదీతలన్నీ పోతాయి. కాబట్టి మొదట వాద్యాలు లేకుండా, ఆమెతో కలిసి నాట్లు వేసిన ఇద్దరు ముగ్గురిని పిలిపించి, బోరు మోటారు చప్పుడు వినిపించని చోట కూర్చోబెట్టి పాడించండి. ఒకే పాటను రెండుసార్లు పాడితే మాటలు మారవచ్చు. తప్పని దిద్దకుండా రెండింటినీ ఉంచండి. పాడినవారి పేర్లు, ఊరు, తేదీ కూడా రికార్డులోనే చెప్పించండి. ఆ మూల ప్రతి భద్రంగా ఉంటే, డోలక్‌తో మరొకటి తరువాత నిదానంగా చేసుకోవచ్చు.