సైదులు, బిక్షమయ్య వంటి పేర్లు ఇప్పటి పిల్లలకు ఎందుకు పెట్టడం లేదు?

తాతల కాలంలో ఊరినిండా వినిపించిన సైదులు, యాదగిరి, బిక్షమయ్య వంటి పేర్లు ఇప్పటి పిల్లల్లో ఎందుకు కనిపించడం లేదని మీరు అడిగారు. మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా ఇంట్లో చూసినదాన్ని బట్టి చెబుతాను.

ఆ పేర్లలో చాలావరకు మొక్కు పేర్లు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు సంతానం కోసం మొక్కుకుని, బిడ్డ పుట్టాక కందూరు (మేకను కోసి పెట్టే మొక్కు విందు) చేసి, సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. మా నాయనమ్మ సైదమ్మ అట్లా మొక్కితే పుట్టినదే. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు మీద యాదయ్యలు, చెర్వుగట్టు రామలింగేశ్వరుని పేరు మీద రామలింగయ్యలు, పాలమూరు వైపు కురుమూర్తులు ఉండేవారు. పేరు వింటే ఆ ఇంటివారు ఏ గుట్టకు మొక్కుతారో తెలిసిపోయేది.

మా తాత పేరు బిక్షమయ్య. ఆయనకు ముందు వరుసగా ముగ్గురు మగబిడ్డలు దక్కకపోతే, ఆయన తల్లి కొంగు పట్టి ఐదిళ్లలో బియ్యం అడుక్కొచ్చి, ఈ బిడ్డ మాకు భిక్షగా దొరికినవాడని ఆ పేరు పెట్టిందట. పెంటయ్య, పుల్లయ్య అన్న పేర్ల వెనకా బిడ్డ దక్కదేమోనన్న ఇదే భయం ఉంది. 1977లో మన దేశానికి మశూచి పీడ వదిలిందని ప్రకటించారు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పల్లెలకు చేరి పసిబిడ్డలు బతుకుతారన్న ధైర్యం పెరిగినకొద్దీ మృత్యువును మభ్యపెట్టే పేర్ల అవసరం తగ్గిపోయింది. ఈ మార్పులో నాకు సంతోషమే తప్ప విచారం లేదు.

నా తరంలో శ్రీనివాస్, రమేష్, సునీత, కవిత పేర్లు ఎక్కువ. మా తరగతిలో ముగ్గురు శ్రీనివాస్‌లు ఉంటే సారు ఇంటిపేర్లతో పిలిచేవారు.

ఇప్పుడు నక్షత్రపు అక్షరం, పలకడానికి చిన్నగా ఉండటం, మరెవరికీ లేకపోవడం చూస్తున్నారు. మా తమ్ముడి బిడ్డది హస్త. పంతులుగారు పూ, ష, ణ, ఠ అని రాసిచ్చారు. ణ, ఠలతో పేరు దొరకదు కనుక ఫోన్లలో వెతికి వెతికి పూర్వి అని ఖాయం చేశారు. అందమైన పేరే, కాని వారం రోజుల ఆ వెతుకులాటలో నాయనమ్మ పేరు ఒక్కరికీ గుర్తుకు రాకపోవడం నన్ను బాధించింది. చివరికి తొట్టెల నాడు నేను అడిగితే, బిడ్డ చెవిలో మొదట సైదమ్మ అని, తర్వాత పూర్వి అని చెప్పారు.

మీ ఇంట్లో పెద్దవారు ఉంటే, వారికి ఆ పేర్లు ఎందుకు పెట్టారో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. మా తాత పేరు సంగతి మాకు చెప్పిన పెద్ద మేనత్త కిందటేడు పోయింది. నాయనమ్మ తల్లి ఏ కష్టంలో జాన్‌పహాడ్‌కు మొక్కుకుందో ఆ మేనత్తను అడగాలన్న ఆలోచన మాకు అప్పుడు రాలేదు.