హోలీ కుస్తీలో గెలిచింది సరే, మ్యాట్ మీద జోడీలు ఉన్నారా?

ప్రశ్న: మాది బోధన్ దగ్గర పల్లె. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. మా పాప తొమ్మిదో తరగతి, 14 ఏళ్లు, బరువు 52 కిలోలు. హోలీకి జరిగిన కుస్తీ పోటీల్లో తన ఈడు మగపిల్లలను పడగొట్టింది. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో జిల్లా స్థాయిలో గెలిచి, రాష్ట్ర స్థాయిలో రెండో రౌండ్‌లో ఓడింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మల్లయోధురాలు సాక్షి మలిక్‌లా అవుతానంటోంది. తెలిసినాయన ఒకరు వెంటనే హర్యానాలో అకాడమీలో చేర్పించమంటున్నారు, చదువు ప్రైవేటుగా కట్టించొచ్చట. వాళ్లమ్మేమో చెవులు, మోకాళ్లు పాడవుతాయి, రేపు పెళ్లెలా అని ఒకటే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే హర్యానా పంపొద్దు. అలాగని కుస్తీ మాన్పించనూ వద్దు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా బడి మానకుండా, రోజూ మ్యాట్ మీద సాధన చేసే వీలు ఎక్కడుందో వెతకండి.

హోలీ కుస్తీలో గెలవడం చిన్న విషయమేమీ కాదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం దాకా సాగే ఆ పోటీల్లో, ఊరంతా చుట్టూ చేరి అరుస్తుంటే మగపిల్లాడికి ఎదురుగా దిగడానికే గుండె ధైర్యం కావాలి. కానీ ఒలింపిక్స్‌లో మట్టి కుస్తీ లేదు, అమ్మాయిలకు ఉన్నది ఫ్రీస్టయిల్ ఒక్కటే. అక్కడ మ్యాట్ మీద మూడేసి నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్ల విరామం. రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి పట్టేస్తే అక్కడితో ఆట అయిపోతుంది. లేదంటే పాయింట్ల లెక్క. గీత బయటికి నెడితే ఒకటి, కింద పడేసి అదుపులోకి తీసుకుంటే రెండు, ఎత్తి వెల్లకిలా విసిరితే నాలుగు. తేడా పదికి చేరితే రిఫరీ ఆపేస్తాడు. అందుకే రాష్ట్ర పోటీల్లో ఓడిన ఆట వీడియో ఉంటే కోచ్‌కి చూపించండి. కాలు పట్టుబడినప్పుడు విడిపించుకోలేక ఓడిందా, రెండో భాగంలో ఆయాసం వచ్చి ఓడిందా? రెండూ బాగుచేయగలిగినవే, కాకపోతే సాధన వేరు.

ఇక అసలు సంగతి. పరుగైతే ఒక్కరే పరుగెత్తి నేర్చుకోవచ్చు. కుస్తీ అలా కుదరదు. రోజూ ఎదురుగా జోడీ, అంటే పట్టు పట్టడానికి ఒక మనిషి ఉండాలి, దాదాపు తన బరువే ఉండాలి, తనకంటే కాస్త మెరుగ్గా ఉండాలి. హర్యానాలో బలాలీ అనే పల్లె నుంచి గీత, బబిత, వినేశ్ ఫొగాట్ లాంటి మల్లయోధురాళ్లు ఎలా వచ్చారని అడిగితే అందరూ వాళ్లకు కుస్తీ నేర్పిన మహావీర్ ఫొగాట్ పట్టుదల గురించే చెబుతారు. నిజమే, కానీ ఆ ఇంట్లో ఆయన కూతుళ్లు నలుగురు, తమ్ముడి కూతుళ్లు ఇద్దరు ఉన్నారు. ఆరుగురూ ఒకరి మీద ఒకరు పట్లు పట్టుకుంటూ పెరిగారు. ఆయనకు ఒక్క కూతురే ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. జపాన్ సంగతీ అంతే. నాలుగు ఒలింపిక్స్‌లో వరుసగా స్వర్ణం గెలిచిన కవోరి ఇచో, మూడు గెలిచిన సవోరి యోషిదా ఇద్దరూ షిగక్కన్ విశ్వవిద్యాలయం వాళ్లే. అంటే చదువుకునే చోటే, మేటి మల్లయోధురాళ్ల మధ్య సాధన.

కాబట్టి ఏ అకాడమీకి వెళ్లినా గోడ మీది ఫొటోలు, కప్పులు తర్వాత చూడొచ్చు. 49 నుంచి 57 కిలోల మధ్య అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు, రోజూ వస్తున్నారా అని ముందు అడగండి. నలుగురైదుగురు కూడా లేకపోతే నేనైతే చేర్పించను. నిజామాబాద్‌లో అంతమంది దొరక్కపోతే జూడో నేర్చుకునే అమ్మాయిలతో కలిపి సాధన చేయించగలరేమో కోచ్‌ని అడగండి. జూడో విసుర్లు కుస్తీకి బాగా పనికొస్తాయి. సాక్షి కూడా 12వ ఏట రోహ్‌తక్ ఛోటూరామ్ స్టేడియంలో మొదలుపెట్టినప్పుడు మగపిల్లలతో పట్టు పట్టాల్సి వచ్చింది. అన్నట్టు, ఆమె నాన్న కూడా ఢిల్లీలో బస్సు కండక్టరే! హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ గురించి చాలామంది అడుగుతారు. అక్కడ ప్రవేశాలు నాలుగో తరగతిలో, మీ పాపకు ఆ వయసు దాటిపోయింది.

హర్యానాలో జోడీలకు కొదవ లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ 14 ఏళ్ల పిల్ల ఒంటరిగా, భాష రాక, బడి కాగితం మీద మాత్రమే ఉండి ఎలా నెగ్గుకొస్తుంది? 2022లో అండర్-20 ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి భారత అమ్మాయి అంతిమ్ పంఘాల్ హర్యానా పిల్లే. అయినా ఆమె సాధన కోసం కుటుంబమే పల్లె వదిలి హిసార్‌కు మారింది. మీరు ఉద్యోగం వదిలి వెళ్లలేరు. అందుకే పది అయ్యాక సెలవుల్లో ఒక నెల పంపి చూడండి. అకాడమీకి ఫీజు కట్టడం కంటే భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) సెలక్షన్ ట్రయల్స్‌కు సిద్ధం చేయడం నాకు మెరుగనిపిస్తుంది. ఎంపికైతే వసతి, తిండి, కోచింగ్ వాళ్లవే. లక్నోలోని సాయ్ కేంద్రంలో మహిళల జాతీయ శిబిరాలు చాలాసార్లు జరిగాయి. కేంద్ర ప్రభుత్వ పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే చేతి ఖర్చులకు నెలకు 10,000 రూపాయలు, ఒలింపిక్ పతకం ఆశించే టాప్స్ జాబితాలోకి వెళ్తే 50,000 ఇస్తారు.

ఎన్నేళ్లు పడుతుందన్నది ముందే లెక్కేసుకోండి. 12 ఏళ్లకు మొదలుపెట్టిన సాక్షికి రియో ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది 2016లో, 23 ఏళ్లప్పుడు. క్వార్టర్ ఫైనల్లో ఓడి, రెపెచాజ్‌లో (ఫైనల్ చేరినవాళ్ల చేతిలో ఓడినవాళ్లు కాంస్యం కోసం ఆడే ఆటలు) మళ్లీ అవకాశం వచ్చి, పతకం ఆటలో 0-5తో వెనకబడి 8-5తో గెలిచింది. దాని వెనక పదకొండేళ్లు ఉన్నాయి.

బరువు విషయం గట్టిగా చెబుతున్నా. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఆరు విభాగాలే: 50, 53, 57, 62, 68, 76 కిలోలు. తక్కువ విభాగంలో దిగితే సులువని అన్నం, నీళ్లు మాన్పించే కోచ్‌లు ఉంటారు. వినేశ్ టోక్యోలో 53 కిలోల్లో ఆడింది, పారిస్‌లో 50కి దిగింది. 2024 ఆగస్టు 6న ఒకే రోజు మూడు ఆటలు గెలిచింది. అందులో మొదటిది, అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని జపాన్ మల్లయోధురాలు యుయి సుసాకి మీద. మర్నాడు ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది, ఫైనల్ ఆడనివ్వలేదు, పతకం లేదు. అంత అనుభవం, అంతమంది సహాయకులు ఉన్న మనిషికే అలా జరిగింది. మీ పాప ఎదిగే వయసులో ఉంది, వచ్చే ఏడాదికి 57 కావచ్చు. కానివ్వండి. ఏ విభాగానికి పెరిగితే అందులో ఆడుతుంది. నెలసరి మూడు నెలలు రాకపోతే సాధన చేసేవాళ్లకు మామూలేలే అని వదిలేయకుండా డాక్టరుకు చూపించండి. చాలాసార్లు అది తిండి చాలడం లేదనడానికి గుర్తు.

వాళ్లమ్మ భయాలు ఉత్తవేం కాదు. చెవి వాచినప్పుడు వెంటనే డాక్టరు దగ్గర రక్తం తీయించకపోతే ముద్దకట్టి అలాగే ఉండిపోతుంది. సాధనలో హెడ్‌గేర్ పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. మ్యాట్ శుభ్రంగా లేని చోట తామర కూడా అంటుకుంటుంది. మోకాలి దెబ్బలు అన్నిటికంటే పెద్దవి. వినేశ్ రియోలో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికి వచ్చింది, ఆపరేషన్ అయ్యాక 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అందరూ అలా తిరిగి రాలేరు. పెళ్లి మాటకొస్తే, సాక్షి 2017లో పెళ్లి చేసుకుని 2022 కామన్వెల్త్‌లో స్వర్ణం తెచ్చింది. అమ్మగారితో మీరు వాదించే కంటే, ఒకరోజు సాధన జరిగే చోటికి తీసుకెళ్లండి.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు, నేను చెప్పాలి. పతకం రాకపోయినా జాతీయ స్థాయి దాకా వెళ్లినవాళ్లకు రైల్వే, పోలీసు, కేంద్ర బలగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంటుంది. సాక్షి రైల్వేలో చేరింది, గీత హర్యానా పోలీసులో డీఎస్పీ. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు తెలంగాణ పోలీసు శాఖ డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఈ కోటాల్లోనూ చదువును బట్టే పోస్టు. రైల్వేలో ఇంటర్ ఉంటే ఒక స్థాయి, డిగ్రీ ఉంటే దానిపై స్థాయి. ఆట ఆపేశాక కోచ్ కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో డిప్లొమా చేయొచ్చు. చదువు ప్రైవేటుగా కట్టించే ఆలోచన నాకు నచ్చనిది ఇందుకే.

ఇంకొకటి. 2023లో దేశంలోని మేటి మల్లయోధురాళ్లే లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. అంత పేరున్నవాళ్లకే ఫిర్యాదు వినిపించడం కష్టమైంది. ఎక్కడ చేర్చినా మహిళా కోచ్, మహిళా వార్డెన్ ఉన్నారా, పాప రోజూ ఫోన్ చేయడానికి ఒప్పుకుంటారా, ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు అని అడగండి. అడిగితే చిరాకు పడే చోటైతే తిరిగి వచ్చేయండి.

ఈ నెలలో చేయాల్సిన పని ఒకటుంది. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడింటిలో పుట్టిన తేదీ ఒకేలా ఉందో లేదో చూడండి. పోటీలు అండర్-15, అండర్-17, అండర్-20 అని వయసును బట్టే జరుగుతాయి, తప్పుడు సర్టిఫికెట్లు పెట్టిన వాళ్లను సస్పెండ్ చేస్తున్నారు. ఒక ఏడాది తగ్గించి రాయిస్తే సులువుగా గెలుస్తుందని ఎవరైనా చెప్పినా వినొద్దు. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, పదో తరగతి మెమో మీద తప్పు తేదీ పడ్డాక మార్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.