ఆయన వచ్చి ఐదు వారాలే, స్కాన్‌లో ఏడు వారాలా?

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆయన దుబాయ్‌ల పని చేస్తడు, జూన్ 14న లీవు మీద ఇంటికొచ్చిండు. జులై 22న స్కాన్ తీస్తే ఏడు వారాల గర్భం అని రాసిచ్చిన్రు. ఆయన వచ్చి ఐదున్నర వారాలు కూడ కాలే. రిపోర్ట్ చూసినకాంచి అత్తమ్మ నాతోటి మాట్లాడ్తలేదు, ఆయన ఏమనకుండ ఫోన్ చూసుకుంట కూసుంటుండు. నాకు చివరిసారి పీరియడ్స్ వచ్చింది జూన్ 3న. స్కాన్ తప్పా మేడమ్? నిద్ర పడ్తలేదు.

జవాబు: స్కాన్ తప్పు కాదమ్మా, నీ తప్పు అసలే లేదు. మేం వారాలు లెక్కపెట్టేది కడుపు పడ్డ రోజు నుంచి కాదు, చివరి పీరియడ్స్ మొదలైన రోజు నుంచి. ఎందుకంటే అండం ఏ రోజు విడుదలైందో ఎవరికీ కచ్చితంగా తెలీదు, బ్లీడింగ్ మొదలైన తారీకైతే గుర్తుంటుంది కాబట్టి అదే పట్టుకుంటాం. 28 రోజులకోసారి వచ్చేవాళ్లకి అండం విడుదలయ్యేది సుమారు 14వ రోజున, అంటే లెక్కలో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ ఉండదు, అయినా వాటిని కలిపే చెప్తాం.

నీ తారీకులే చూడు. జూన్ 3 నుంచి జులై 22కి 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. అండం విడుదలైంది జూన్ 17 అటూ ఇటూ, అప్పటికి మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడు కదా! స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచినా మిషన్ ఆ రెండు వారాలు కలిపే చూపిస్తుంది. ఈ ఒక్క ముక్క రిపోర్ట్ ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే నీకింత బాధ ఉండేది కాదు, అది మా డాక్టర్లు చేయాల్సిన పని, చాలామందిమి చేయట్లేదు.

పీరియడ్స్ 40, 45 రోజులకి వచ్చేవాళ్లకి మాత్రం ఈ లెక్క కుదరదు, వాళ్లకి మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌నే నమ్మాలి. ఎనిమిదో నెలలో స్కాన్ వేరే డేట్ చూపించినా మార్చుకోకూడదు, అప్పటికి ఒక్కో బిడ్డ ఒక్కోలా పెరుగుతుంది.

నీ డెలివరీ డేట్ మార్చి 10, వారం అటూ ఇటూ అయినా కంగారుపడకు. ఈ పేజీ మీ ఆయనకీ అత్తమ్మకీ నువ్వే చదివి వినిపించు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆపకు. తర్వాతి స్కాన్ ఆగస్టు 19కీ సెప్టెంబర్ 8కీ మధ్యలో తీయించుకోవాలి, ఆయన లీవు అప్పటిదాకా ఉంటే వెంట తీసుకెళ్లి లోపల పక్కనే నిలబెట్టుకో.