టైటిల్స్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవకు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ వాక్యం నచ్చి ఆగకుండా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. బాక్సర్ జేక్ లమోటా జీవితం మీద మార్టిన్ స్కోర్సేసి తీసిన 'రేజింగ్ బుల్' సినిమా గురించి ఆరు పేజీలు రాస్తే అందులో నాలుగు, లమోటాగా చేసిన రాబర్ట్ డి నీరో ఒళ్లు పెంచిన సంగతికే పోయాయి. ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ పేరు ఎక్కడా లేదు, శబ్దాలు కూర్చిన ఫ్రాంక్ వార్నర్ పేరూ లేదు. కెమెరామన్ మైకేల్ చాప్‌మన్ ఒక్కచోట కనిపించాడు గానీ, 'అద్భుతమైన ఛాయాగ్రహణం' అనేసి ఆయన్ని పంపించేశావు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒళ్లు పెంచిన సంగతి రాయొద్దని నేననను. దాదాపు 27 కిలోలు పెరిగాడు, దానికోసం షూటింగ్‌ని నెలల తరబడి ఆపారు. అది చిన్న విషయం కాదు. కానీ నువ్వు దాన్ని ఘనకార్యంలా రాశావు, పనిలా చూడలేదు. ఆ శరీరంతో సెట్ మీదికొచ్చాక అతనికి ఊపిరి అందేది కాదు, టేకుల మీద టేకులు చేయించడం కుదరలేదు. లావెక్కిన లమోటా మాట్లాడేటప్పుడు వినిపించే ఆ ఆయాసం నటనేనా? ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఉంటే ఆ నాలుగు పేజీలూ నేను సంతోషంగా చదివేవాణ్ణి.

నీ వయసులో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక వారపత్రికలో ఒక సినిమా గురించి రాస్తూ, ఒక సన్నివేశం నడకను దర్శకుడికి అంటగట్టి ఆకాశానికెత్తాను. పది రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది. మద్రాసులో ఎడిటింగ్ గదుల్లో జీవితం గడిపిన ఒక పెద్దాయన రాశారు. ఆ సన్నివేశం తీసిన వరస వేరనీ, దాన్ని అతికించిన వరస వేరనీ, ఆ అతుకు తన చేత్తో వేసిందనీ. కార్డులో ఎక్కడా కోపం లేదు. ఆ కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పట్నుంచి ఏ సినిమా గురించి రాయాలన్నా ముందు టైటిల్స్ చూసి పేర్లు కాగితం మీద రాసుకుంటాను, ఒక్కో పేరు పక్కన 'ఈ మనిషి ఏం చేశాడు?' అని వేసుకుంటాను. జవాబు దొరికిన పేర్ల గురించే రాస్తాను.

ఈ సినిమాకి అలా చేస్తే ముందు నీలాంటివాడికి, అంటే రాసేవాడికి, దగ్గరగా ఉండే పేర్లు దొరుకుతాయి. 1970లో జేక్ లమోటా తన జీవితకథను పుస్తకంగా తెచ్చాడు. దాన్ని రాయడంలో జోసెఫ్ కార్టర్, పీటర్ శావేజ్ చేయి వేశారు. ఆ పుస్తకాన్ని సినిమాగా తియ్యమని స్కోర్సేసి వెంటపడి ఒప్పించినవాడు డి నీరో. దర్శకుడికి మొదట్లో బాక్సింగ్ మీద ఆసక్తే లేదు. 1978లో ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని ఆసుపత్రిలో ఉన్నప్పుడు డి నీరో వెళ్లి మళ్లీ అడిగాడు. తనను తాను నాశనం చేసుకునే ఆ మనిషిలో స్కోర్సేసికి తను కనిపించింది అప్పుడే. స్క్రిప్టు మొదట రాసింది మార్డిక్ మార్టిన్, స్కోర్సేసికి కాలేజీ రోజుల స్నేహితుడు. తర్వాత పాల్ ష్రేడర్ దాన్ని తిరగరాశాడు. ఆ మీదట డి నీరో, స్కోర్సేసి ఇద్దరూ సెయింట్ మార్టిన్ దీవికి వెళ్లి కూర్చుని మళ్లీ రాశారు. తెర మీద మాత్రం రచయితలుగా ష్రేడర్, మార్టిన్ పేర్లే పడ్డాయి. ఆ దీవిలో రాసినవాళ్లు తమ పేరు వేసుకోలేదు. ఆస్కార్‌కి ఎనిమిది విభాగాల్లో నామినేషన్లు వస్తే అందులో స్క్రీన్‌ప్లే లేదు. నాకది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇక్కడ నువ్వు తప్పకుండా ఆగాల్సిన చోటొకటి ఉంది. పుస్తకంలో జేక్ పక్కన ఎక్కువగా కనిపించేది స్నేహితుడు పీట్, అంటే ఆ పీటర్ శావేజే. సినిమాలో ఆ స్నేహితుణ్ణి తీసేసి, అతని వంతు కూడా జేక్ తమ్ముడు జోయీకి కలిపేశారు. అంటే పుస్తకం రాయడానికి సాయపడ్డ మనిషే సినిమా కథలోంచి మాయమయ్యాడు. జీవితకథ రాసేవాడికి ఇంతకన్నా పెద్ద పాఠం నాకు తెలీదు. ఇద్దరు మనుషుల్ని ఒకరిగా కలిపితే కథకి బలం వచ్చింది. అనుమానం వచ్చిన అన్న ఇంట్లోకి చొరబడి తమ్ముణ్ణి కొట్టే సన్నివేశం అంత దెబ్బ తీయడానికి కారణం వాళ్లది రక్తసంబంధం కావడమే. స్నేహితుడైతే ఆ నొప్పి ఉండదు. కానీ ఆ కలపడం వల్ల బతికున్న ఒక మనిషి చెయ్యని పని అతని పేరు మీద తెరకెక్కుతుంది కూడా. ఆ రెండూ ఒకేసారి నిజం. నీ వ్యాసంలో జోయీని 'నిజజీవితంలోని తమ్ముడు' అని ఒక్క మాటలో తేల్చేశావు. అది కొట్టెయ్.

ఆ జోయీగా చేసిన జో పెషీ అప్పటికి నటన దాదాపు వదిలేసి రెస్టారెంటు నడుపుకుంటున్నాడు. 1976లో వచ్చిన ఒక చిన్న సినిమాలో అతన్ని చూసి డి నీరో, స్కోర్సేసి వెతికి పట్టుకున్నారు. జేక్ భార్య విక్కీ పాత్రకి క్యాథీ మోరియార్టీని చూపించింది మళ్లీ పెషీయే. ఆమె అప్పటికి టీనేజి దాటని అమ్మాయి, అదే మొదటి సినిమా. ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఈ విషయాలు నువ్వు రెండు వాక్యాల్లో చెప్పొచ్చు, పేజీలు అక్కర్లేదు.

పేజీలు ఖర్చుపెట్టాల్సింది బరి దగ్గర, అంటే బాక్సింగ్ రింగ్ దగ్గర. పోరాటాలన్నీ కలిపితే తెర మీద పట్టుమని పది నిమిషాలుంటాయేమో. వాటిని తీయడానికి అయిదు వారాలనుకుంటే పది వారాలు పట్టింది. స్కోర్సేసి ప్రతి షాటూ ముందే కాగితం మీద గీసుకున్నాడు. కెమెరాని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టకుండా తాళ్ల లోపలికి తీసుకెళ్లాడు. బరి కొలత కూడా ఒక పోరాటంలో ఉన్నట్టు ఇంకో పోరాటంలో ఉండదు. జేక్ మనసు ఎలా ఉంటే బరి అలా సాగుతుంది, ఇరుకవుతుంది. చాప్‌మన్ ఒకచోట లెన్సు ముందు మంట పెట్టి, ఆ వేడికి బొమ్మ ఎండమావిలా అల్లాడేలా చేశాడు. నలుపు తెలుపులో తీయాలన్న నిర్ణయం వెనక రంగు ఫిల్ము కాలక్రమంలో వెలిసిపోతుందన్న స్కోర్సేసి బెంగ కూడా ఉంది. గ్లౌజుల ఎరుపు తప్పుగా కనిపిస్తోందని బ్రిటిష్ దర్శకుడు మైకేల్ పావెల్ అన్న మాట కూడా ఉంది. పెళ్లిళ్లు, పిల్లలు కనిపించే ఇంటి ఫిల్ములు మాత్రమే రంగుల్లో ఉంటాయి. మనం జేక్‌ని సుఖంగా చూసేది దాదాపు అక్కడే.

1951 ఫిబ్రవరి 14న షుగర్ రే రాబిన్సన్‌తో జరిగిన ఆఖరి పోరాటం మళ్లీ చూడు. ఈసారి కళ్లు మూసుకుని చూడు. రాబిన్సన్ చెయ్యి ఎత్తి ఆగిన క్షణాన జనం హోరు ఆగిపోతుంది, ఊపిరి ఒక్కటే మిగులుతుంది. ఆ నిశ్శబ్దం వెనకున్నది ఫ్రాంక్ వార్నర్ బృందం. దెబ్బల మోతల్ని వార్నర్ దేనితో చేశాడో తోటివాళ్లకి కూడా చెప్పేవాడు కాదట. పని అయ్యాక ఆ శబ్దాల్ని ఇంకెవరూ వాడుకోకుండా నాశనం చేశాడంటారు. తన పనిని ఒక్క సినిమాకే ఇచ్చేసిన మనిషి. అతనికి నీ వ్యాసంలో ఒక పేరా ఇవ్వు.

తర్వాత కళ్లు తెరిచి, శబ్దం తీసేసి చూడు. ఇప్పుడు కనిపించేది షూన్‌మేకర్. 1960ల్లో స్కోర్సేసి తొలి సినిమాకి పనిచేసిన ఈమె, ఎడిటర్ల యూనియన్‌లో సభ్యత్వం దొరక్క ఏళ్ల తరబడి హాలీవుడ్ పెద్ద సినిమాలకి దూరంగా ఉండిపోయింది. తిరిగొచ్చింది ఈ సినిమాతోనే. న్యూయార్క్‌లో స్కోర్సేసి అపార్టుమెంటులోనే రాత్రుళ్లు కూర్చుని కోశారు. 1981లో జరిగిన ఆస్కార్ వేడుకలో ఈ సినిమాకి దక్కిన రెండు అవార్డుల్లో ఒకటి డి నీరోది, రెండోది ఈమెది. ఆ అవార్డు నిజానికి స్కోర్సేసిదేననీ, పోరాటాల్ని అంత గొప్పగా ఊహించింది ఆయనేననీ ఆమె తర్వాత చెప్పింది. వినయమని అనుకుని వదిలెయ్యకు. అలాగని ఉన్నదున్నట్టు నమ్మేసి ఆమె పేరు తుడిచెయ్యకు. కాగితం మీద గీసిన షాటుకీ, ఎక్కడ కోయాలో తెలిసిన చేతికీ మధ్య ఏం జరిగిందో చూసి రాయడమే నీ పని. అంత వివరం దొరక్కపోతే దొరికినంతే రాయి. ఊహతో నింపకు.

ఇంకొక్కటి. నువ్వు 'స్కోర్సేసి సృష్టించాడు', 'స్కోర్సేసి మలిచాడు' అని పదేపదే రాశావు. ఆ క్రియలన్నిటి కిందా గీత గీశాను. ప్రతి గీత దగ్గరా ఆగి, ఆ పని నిజంగా ఎవరు చేశారో కనుక్కో. కొన్నిచోట్ల ఆయన పేరే మిగులుతుంది, సందేహం లేదు. కొన్నిచోట్ల మారుతుంది. డి నీరో ముక్కు ఒక్కో పోరాటానికీ పగిలి ఉబ్బిపోతూ కనిపిస్తుందే, దాని వెనక మేకప్ మనిషి మైకేల్ వెస్ట్‌మోర్ ఉన్నాడు. అంత చిన్న సంగతికి కూడా ఒక మనిషి ఉన్నాడు.

కథ అయిపోయి నల్లని తెర మీద బైబిలు వాక్యాలు వచ్చాక ఇంకో పేరు వస్తుంది, నువ్వు అప్పటికే లేచి వెళ్లిపోయినట్టున్నావు. హేగ్ మనూజియన్. న్యూయార్క్ యూనివర్సిటీలో స్కోర్సేసికి సినిమా చెప్పిన మాస్టారు. ఈ సినిమా విడుదలకి కొన్ని నెలల ముందే, 1980లోనే పోయారు. దాన్ని ఆయనకే అంకితమిచ్చారు. నువ్వు తిరగరాసేటప్పుడు ఆ పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి వెనక్కి రా. ఎలా వస్తుందో నాకూ చూడాలని ఉంది. దసరాలోగా పంపు, నేను ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య