క్షమించానంటే ఆ మనిషిని మళ్లీ నమ్మి తీరాలా?

అక్కర్లేదు; క్రైస్తవ బోధలో క్షమించడం తప్పనిసరి, కానీ వెంటనే నమ్మాలన్న నియమం లేదు. క్షమించడమంటే పగ తీర్చుకోవడం మానుకుని, తీర్పు దేవునికి వదిలేయడం. పదివేల తలాంతుల (తీర్చలేనంత పెద్ద మొత్తం) అప్పు మాఫీ అయిన దాసుడు నూరు దేనారాల (దానితో పోలిస్తే చాలా చిన్న మొత్తం) కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడని యేసు చెప్పిన ఉపమానంలోనే కారణం ఉంది: క్షమాపణ పొందినవాడు క్షమించాలి. నమ్మకం అలా కాదు, అవతలివాళ్ల మార్పును బట్టి వస్తుంది.

బైబిలు పాత నిబంధనలోని యోసేపునే చూడండి. తనను 20 వెండి నాణేలకు అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం, తాను అధికారిగా ఉన్న ఐగుప్తుకు (ఈజిప్టుకు) వస్తే ఆకలితో పంపలేదు, సంచులు నింపి డబ్బు కూడా తిరిగి పెట్టించాడు. అయినా తానెవరో చెప్పలేదు. వాళ్లలో ఒకడైన షిమ్యోనును తన దగ్గర ఆపుకున్నాడు, తర్వాత అందరికంటే చిన్నవాడైన బెన్యామీను సంచిలో వెండి గిన్నె పెట్టించి, దొంగతనం మోపి బానిసగా ఉంచుకుంటానన్నాడు. ఒకప్పుడు తనను అమ్ముదామన్న అన్న యూదాయే, తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటాననేసరికి యోసేపు ఏడుపు ఆపుకోలేక తానెవరో చెప్పేశాడు.

క్షమించినవాళ్లు హింసను నోరు మూసుకుని భరించాలని, పోలీసు కేసు పెట్టకూడదని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటే కాదు, ప్రమాదం కూడా. నేరాన్ని శిక్షించే అధికారం ప్రభుత్వానికి ఉందని అపొస్తలుడైన పౌలే రోమీయులకు రాసిన పత్రికలో చెప్పాడు.