బార్ తర్వాత తమ్ముడూ, ముందు సంపు చూడు

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె దగ్గర పల్లె. ఆరేళ్లుగా బెంగళూరులో కె.ఆర్. పురం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఉద్యోగం మానేసి, ప్రెషర్ వాషర్ కొనుక్కుని ఇళ్ల పార్కింగ్‌లు, మేడలు, కాంపౌండ్ గోడలు కడిగే పని సొంతంగా మొదలుపెడదామనుకుంటున్నా. చేతిలో 35 వేలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఏడు వేలకే 150 బార్ మెషీన్ ఉంది. షాపులో చూపించినది 22 వేలు, అది 110 బారే. తక్కువ డబ్బుకు ఎక్కువ ప్రెషర్ వస్తుంటే ఖరీదైనది ఎందుకు? మా ఆవిడైతే అసలు ఉద్యోగమే మానొద్దంటోంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఆవిడ మాట దగ్గరికి చివర్లో వస్తాను తమ్ముడూ. ముందు ఆ 150 బార్ సంగతి చూద్దాం.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది ఆ పంపు తట్టుకోగల గరిష్ఠ ప్రెషర్. పని చేసేటప్పుడు వచ్చేది అంతకన్నా తక్కువ. అది పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదంటే ఉండనే ఉండదు. షాపువాడు చెప్పిన 110 ఏ లెక్కో కూడా అడుగు. పని ప్రెషరే అయితే అతను నిజాయితీపరుడే.

అసలు తేడా మోటర్‌లో ఉంది. ఏడు వేల మెషీన్‌లో ఉండేది దాదాపుగా కార్బన్ బ్రష్‌ల మోటరే. ఆదివారం పూట ఇంటాయన ఇరవై నిమిషాలు కారు కడుక్కోవడానికి అది చాలు. నేనూ అలాంటిదానితోనే మొదలుపెట్టాను, విజయనగర్‌లో, పదకొండేళ్ల కింద. రోజుకు నాలుగు గంటలు నడిపా. ఏడో వారంలో మెషీన్ నుంచి కాలిన వార్నిష్ వాసన. మెకానిక్ విప్పి చూపిస్తే బ్రష్‌లు స్కూలు పిల్లల బలపం ముక్కల్లా అరిగిపోయి ఉన్నాయి. ‘ఇది ఇంటి మెషీన్ సార్, మీరు దీంతో ఎడ్ల పని చేయించారు’ అన్నాడు.

కాబట్టి ఇండక్షన్ మోటర్ (అందులో అరిగిపోయే బ్రష్‌లుండవు), ఇత్తడి హెడ్ ఉన్న పంపు చూడు. బరువెక్కువ. మేడ మీదికి మోస్తుంటే నడుం పట్టేస్తుంది, కానీ రోజంతా నిలబడుతుంది. డబ్బు కట్టేముందే ఎస్.పి. రోడ్‌లో నాలుగు షాపులు తిరిగి, ‘ఈ మోడల్‌కు సీల్ కిట్ ఉందా’ అని అడుగు. సీళ్లంటే నీళ్లు కారకుండా ఆపే రింగులు, పంపులో మొదట పోయేవి అవే. అవి దొరక్కపోతే 22 వేల మెషీన్ కూడా ఇనుప సామాను కిందే లెక్క.

ఇంకొకటి. ప్రెషర్ మురికిని ఊడదీస్తుంది, దాన్ని తోసుకుపోయేది నీళ్లు. అందుకే బార్‌తో పాటు నిమిషానికి ఎన్ని లీటర్లో చూడు. చిన్న మెషీన్లు ఐదారు లీటర్లు ఇస్తాయి. ఎనిమిది ఉంటే పని వేగంగా సాగుతుంది.

ఇక నువ్వు అడగనిది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది నీళ్లే. ఎనిమిది లీటర్ల మెషీన్ గన్ వదలకుండా నొక్కితే గంటకు 480 లీటర్లు. 30×40 సైట్ ఇంట్లో పాచి పట్టిన పార్కింగ్‌కు ఆరు, ఏడు వందల లీటర్లు వేసుకో. పైపు వదిలేసి కడిగేదానికన్నా ఇది తక్కువే, కానీ ఓనరుకు ఆ మాట నమ్మకం కుదరదు. చప్పుడు విని సంపు ఖాళీ అయిపోతోందనుకుంటాడు. 2024 మార్చి కరువులో జలమండలి తాగేనీళ్లతో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఆదేశం. అందుకే ఫోన్ రాగానే నేను అడిగే మొదటి మాట ‘బోర్ నీరు ఇదెయా?’ అని, కన్నడలోనే. బోరు గానీ వాననీళ్ల సంపు గానీ ఉంటే సరే. జలమండలి ఇచ్చే కావేరి కనెక్షన్ ఒక్కటే అయితే ఎండాకాలంలో ఆ పని ఒప్పుకోను. బోరు నీళ్లతో అద్దాలు, కారు కడిగితే మాత్రం వెంటనే తుడిచెయ్, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి.

మెషీన్ డ్రమ్ము నుంచి తానే నీళ్లు లాక్కుంటుందో లేదో కూడా కొనేటప్పుడే అడుగు, అన్నీ లాగవు. లాగేదైనా సరే, పైపులో గాలి పోయేదాకా గన్ నొక్కిపట్టాలి. నీళ్లు లేకుండా పంపు తిరిగితే సీళ్లు మాడిపోతాయి.

జయనగర్‌లో ఒక ఇల్లు. కడప బండల పార్కింగ్, సందుల్లో నల్లటి పాచి. ఎర్ర నాజిల్ పెట్టాను, అంటే నీళ్లు సూదిలా ఒకేచోట పడేది. పాచితో పాటు సందుల్లోని సిమెంటు కూడా లేచి గోడకు కొట్టింది. నాలుగు బండల మధ్య వేలు దూరేంత ఖాళీ. ఇంటావిడ మన కర్నూలు వాళ్లే. ఒక్క మాట అనలేదు, పైగా కాఫీ ఇచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది. మేస్త్రీని తెచ్చి సందులు పూయిస్తే ఆ రోజు కూలి పోగా చేతినుంచి 1,800 పడింది. అప్పటినుంచి ఎర్ర నాజిల్ సంచిలోనే ఉంది. బండలకు నీళ్లు విసనకర్రలా పరుచుకునే ఆకుపచ్చది చాలు, పెయింటున్న గోడకైతే ఇంకా వెడల్పుగా పడే తెల్లది, అదీ మూరెడు దూరం నుంచి, ముందు ఒక మూల చూసుకుని. కడప బండకు, మార్బుల్‌కు యాసిడ్ తగలనివ్వకు, రెండూ సున్నపురాళ్లే, తినేస్తుంది. పాచికి పలచటి బ్లీచింగ్ చాలు. యాసిడ్, బ్లీచింగ్ కలిశాయా, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణాల మీదికొస్తుంది.

కరెంటు గురించి: 16 ఆంప్స్ ప్లగ్ ఉన్నచోటే పెట్టు. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 ఎంఎందే కొను, చుట్ట మొత్తం విప్పాకే ఆన్ చెయ్. ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకపోతే నీది ఒకటి బాక్సులో తీసుకెళ్లు. గన్ నీళ్లు చేతికి తగిలి చర్మం చీలితే, గాయం ఎంత చిన్నదైనా నేరుగా ఆసుపత్రికి వెళ్లు, నీళ్లు లోపలికి దూరి ఉంటాయి.

22 వేలు మెషీన్‌కు పోతే మిగిలిన 13 వేలల్లో వైరు, డ్రమ్ము, గమ్‌బూట్లు, ఫిల్టర్లు పోను ఓ ఐదారు వేలు రిపేర్లకని పక్కన పెట్టు. రేటు మాత్రం వాట్సాప్ ఫోటో చూసి చెప్పకు. ఫోటోలో పాచి ఎప్పుడూ పలచగానే ఉంటుంది.

మీ ఆవిడ చెప్పింది సగం నిజం. పని మొదలుపెట్టు, ఉద్యోగం ఇప్పుడే మానకు. ఆదివారాలు, సెలవులు చాలు. వానలకు పాచి పట్టి ఉండే రోజులకు దసరా వస్తుంది. ఆయుధ పూజకు ఈ ఊళ్లో ఇల్లు, షాపు, బండి కడగని వాడుండడు. అప్పటిదాకా ప్రతి పనికీ పట్టిన గంటలు, వాడిన నీళ్లు, వచ్చిన డబ్బు ఒక నోట్‌బుక్‌లో రాసి ఆమెకే ఇవ్వు, మానాలో వద్దో ఆ లెక్క చూసి ఇద్దరూ తేల్చుకోండి. పూజకు ముందు రెండు రోజులు మాత్రం గన్ పట్టుకుని ఫోన్ ఎత్తడం నీవల్ల కాదు. ఆ ఫోన్ కూడా ఆమెకే ఇవ్వు.